అరవైకీ డెబ్బైకీ నడుమ: పదవీ విరమణకు ముందే సమకూర్చుకోవలసిన వైద్య రక్షణ

వార్ధక్యం ఏ వయస్సున ఆరంభమవుతుందన్న విషయంలో మన ఆచార్యుల నడుమ ఏకాభిప్రాయం లేదు. చరకాచార్యుడు విమానస్థానంలో వయస్సును బాల్యం, మధ్యం, జీర్ణం అని మూడుగా విభజించి, అరవై దాటిన వానిని జీర్ణవయస్కునిగా పరిగణించాడు. సుశ్రుతాచార్యుడు మధ్యవయస్సును డెబ్బై వరకు పొడిగించి, ఆ పైబడిన వానినే వృద్ధుడన్నాడు. బాల్యంలో కఫం, నడివయస్సులో పిత్తం, ముదిమిలో వాతం ప్రబలంగా ఉంటాయన్న విషయంలో మాత్రం ఇరువురిదీ ఒకే మాట. గురుకులంలో పాఠం చెప్పుకొనే రోజులలో ఈ పదేళ్ళ అంతరం మాకు ఒక శాస్త్రచర్చ మాత్రమే. నేడు నరసన్నపేటలో వైద్యశాలకు వచ్చే పెద్దలను చూస్తూ ఉంటే, వారి కష్టాలలో అధికభాగం సరిగా ఆ పదేళ్ళలోనే దాగి ఉన్నట్లు తోస్తున్నది.

ప్రభుత్వాలు కూడా తెలిసో తెలియకో ఈ రెండు మతాలనూ అనుసరించినట్లే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022 జనవరిలో 60 నుండి 62కి పెరిగింది. చరకుని లెక్క ప్రకారం మన ఉద్యోగి జీర్ణవయస్సులో అడుగుపెట్టిన రెండేళ్ళకు ఇంటికి వస్తున్నాడు. ఇక కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న, ధన్వంతరి జయంతి నాడు, 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం ఉచితంగా లభించే ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. ఇది సుశ్రుత మతమన్నమాట. ఉద్యోగమో వ్యాపారమో చాలించిన నాటికీ ఈ కార్డు చేతికి వచ్చే నాటికీ మధ్య ఎనిమిది పదేళ్ళ వ్యవధి ఉంది. వాతం ప్రకోపించి కీళ్ళు పట్టివేయడం, రక్తపోటు, మధుమేహం ముదరడం, కంటి పొర, గుండెజబ్బు మొదలైనవన్నీ బయటపడేది ఆ వ్యవధిలోనే. ఆ కాలంలో తమకు ఏ రక్షణ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో, జబ్బు చేసిన తరువాత గాని చాలమందికి తెలియడం లేదు.

వైద్యపత్రికలో బీమా ప్రసక్తి ఎందుకని పాఠకులు భావించవచ్చు. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు. వాగ్భటాచార్యుడు ఈ నాలుగింటికీ ఉండవలసిన గుణాలను వివరిస్తూ, రోగికి ఉండవలసిన గుణాలలో మొట్టమొదట చెప్పినది ఆఢ్యత్వం. అంటే చికిత్సకు కావలసిన ధనం కలిగి ఉండడం. తక్కినవి వైద్యుని మాట వినడం, తన బాధను ఉన్నదున్నట్లు తెలియజెప్పగలగడం, మనోధైర్యం. ఈ పాఠం వినగానే మాలో కొందరికి కోపం వచ్చింది, పేదవానికి వైద్యం వద్దా అని. మా గురువుగారు నవ్వి, వద్దని కాదు, ధనం లేకపోతే మూడు కాళ్ళ మంచమే అవుతుందని చెప్పి ఊరుకున్నారు. ఆ నాలుగవ కాలును సమాజమంతా కలిసి అమర్చే ఏర్పాటే నేటి ప్రభుత్వ ఆరోగ్య బీమా. కనుక ఇది వైద్యవిషయమే.

ఎవరికి ఏ రక్షణ

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులతో మొదలుపెడతాను, నా వద్దకు వచ్చే విశ్రాంతులలో వారే ఎక్కువ గనుక. పూర్వం 1972 నాటి వైద్య సహాయ నియమాలను అనుసరించి, ముందు సొంత డబ్బు చెల్లించి, తరువాత బిల్లులు సమర్పించి తిరిగి రాబట్టుకొనేవారు. ఆ బిల్లుల వెనుక ఏళ్ళ తరబడి తిరిగినవారు మా ప్రాంతంలో కోకొల్లలు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం వచ్చింది. ఉద్యోగులతో పాటు పింఛనుదారులు, కుటుంబ పింఛనుదారులు కూడా దీని పరిధిలోనే ఉన్నారు. ప్రారంభంలో శ్రేణిని బట్టి నెలకు 90 లేక 120 రూపాయలుగా ఉన్న చందా తరువాత పెరిగింది. పథకంలో చేరిన ఆసుపత్రిలో, నిర్ణీత చికిత్సలకు, చేతి నుండి సొమ్ము పెట్టకుండా వైద్యం పొందవచ్చు.

అయితే ఒక చిక్కు ఉంది. ఉద్యోగిగా ఉన్నప్పుడు వివరాలను ధ్రువీకరించేది జీతం తీసి ఇచ్చే అధికారి. పదవీ విరమణ తరువాత ఆ పని ఖజానా కార్యాలయానికి మారుతుంది. చందా కూడా జీతం నుండి కాక పింఛను నుండి మినహాయించబడుతుంది. ఈ మార్పు తనంత తానే జరిగిపోతుందని చాలమంది అనుకొంటారు. కార్డు చేతిలో ఉన్నది కదా, పేరు, ఛాయాచిత్రం అన్నీ సరిగానే ఉన్నవి కదా అని ధీమాగా ఉంటారు. పింఛనుదారునిగా వివరాలు నమోదు చేయించుకోవడం వేరే పని. దానికి పింఛను ఉత్తర్వు కావాలి, ఆధార్ కావాలి, ఆధారపడిన వారి వివరాలు కావాలి. పింఛను ఉత్తర్వు రావడం ఆలస్యమైతే ఇదంతా ఆలస్యమవుతుంది.

ఒక ఉపాధ్యాయుని విషయం చెబుతాను. కీళ్ళ నొప్పులకు ఏళ్ళ తరబడి నా వద్ద తైలం తీసుకొనేవారు. పదవీ విరమణ సన్మానసభకు నన్ను కూడా పిలిచారు. మూడవ నెలలో గుండె నొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకొనిపోతే, పాత కార్డుపై సేవ కనిపించడం లేదు, క్రొత్త నమోదు కాలేదు అన్నారట. బిడ్డ పెళ్ళికని దాచిన గ్రాట్యుటీ సొమ్ములో కొంత ఆ వారంలో ఖర్చయింది. ప్రాణం దక్కింది. ఆయన భార్య వచ్చి, "కార్డు ఉన్నాది కదా బాబూ, మరేటయినట్టు?" అని అడిగితే నా వద్ద జవాబు లేదు. ఆ కుటుంబం చేయవలసిన పని రెండు కాగితాలు, ఒక సంతకం. పదవీ విరమణకు ఆరు నెలల ముందు నుండే పింఛను కాగితాలు వెంటబడి కదిలించుకోవడం, ఉత్తర్వు చేతికి అందిన వారంలోనే ఖజానా కార్యాలయానికి వెళ్ళడం, ఈ రెండూ మందు వేళకు వేసుకోవడం వంటివే.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1954 నుండి ఉన్న కేంద్ర ఆరోగ్య పథకం, రైల్వేవారికి విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకం, మాజీ సైనికులకు 2003 నుండి వేరొక పథకం ఉన్నాయి. సైన్యంలో పనిచేసి వచ్చినవారు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాలలో విశేషంగా ఉన్నారు. వీరికి సాధారణంగా కార్యాలయమే దారి చూపుతుంది కనుక విస్తరించను.

కార్మికుల విషయం మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే వారికి ఎవరూ చెప్పడం లేదు. రాజాం, విజయనగరం జనపనార మిల్లులలోనూ, పైడిభీమవరం మందుల కర్మాగారాలలోనూ ఇ.ఎస్.ఐ. పరిధిలో పనిచేసినవారు, కనీసం 5 సంవత్సరాలు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండి, విరమణ వయస్సు వచ్చి వైదొలగినట్లయితే, ఏడాదికి 120 రూపాయలు చెల్లించి తమకూ జీవిత భాగస్వామికీ ఇ.ఎస్.ఐ. వైద్యసేవ కొనసాగించుకోవచ్చు. నెలకు పది రూపాయలు! ఇంతకంటె చవకైన రక్షణ నాకు తెలిసినంతలో మరొకటి లేదు. అయినా ఉద్యోగం పోయింది, కార్డు పోయింది అనుకొని ఊరుకొన్నవారే నాకు ఎక్కువగా తారసపడ్డారు. విరమణ నాడు యాజమాన్యం నుండి సేవాకాలం తెలిపే పత్రం తీసుకొని, దానిని పదిలంగా ఉంచుకోవాలి.

ఇక రైతులు, కూలీలు, చిన్న వృత్తులవారు. ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట అమలు చేసిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. మహబూబ్‌నగర్, అనంతపురం తక్కిన రెండు. వెనుకబడిన జిల్లాలని ఎంచుకొన్నారు. ఆ విధంగా ఈ విషయంలో మనవారికి రాష్ట్రంలో అందరికంటె ఎక్కువ అనుభవం ఉండాలి. పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. 2024 నుండి మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పిలువబడుతున్నది. ఏడాదికి 2 లక్షలతో మొదలైన పరిమితి క్రమంగా పెరిగి 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం దీనిని బీమా సంస్థలతో ముడిపెట్టే క్రొత్త విధానాన్ని ఆమోదించింది. పేర్లూ పద్ధతులూ ఇలా మారుతూ ఉంటాయి కనుక, చేరబోయే ముందు ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగడం, లేదా 104కు ఫోను చేయడం అవసరం. మన పెద్దలు ఇప్పటికీ "ఆరోగ్యశ్రీ ఉందా?" అనే అడుగుతారు. అలా అడిగినా వారికి అర్థమవుతుంది.

అన్నిటికంటె నాకు దిగులు కలిగించేది నడిమి తరగతి. నరసన్నపేట బజారులో బంగారు దుకాణంలోనో బట్టల దుకాణంలోనో నలభై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసిన మనిషి ఉంటాడు. ప్రైవేటు పాఠశాలలో పంతులమ్మ ఉంటుంది. పింఛను లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. కొడుకు హైదరాబాదులో ఆదాయపు పన్ను కట్టే ఉద్యోగంలో ఉండి, ఒకే రేషను కార్డులో పేర్లు ఉండడం వలన తెల్లకార్డు పోయింది. ఇటువంటివారు డెబ్బై వరకు వేచి ఉండవలసినదేనా? కొడుకు గాని కుమార్తె గాని ప్రభుత్వోద్యోగి అయితే, తమకు సొంత ఆదాయం లేని పక్షంలో, ఆధారపడిన తలిదండ్రులుగా ఆ కార్డులో చేరే అవకాశం ఉంది. అది లేనివారు ప్రైవేటు బీమా తీసుకోక తప్పదు. అక్కడ ఒక కాలనియమం ఉన్నది. బీమా నియంత్రణ సంస్థ 2024లో చేసిన మార్పుల ప్రకారం, పాలసీ తీసుకొనే నాటికే ఉన్న వ్యాధులకు రక్షణ ఇవ్వకుండా కంపెనీ వేచి ఉంచగల గరిష్ఠ కాలం మూడేళ్ళు. పూర్వం అది నాలుగేళ్ళు. 65 దాటితే పాలసీ ఇవ్వరాదన్న అడ్డంకి కూడా తొలగింది. అంటే పని మానుకొనే నాటికి మూడేళ్ళ ముందుగా పాలసీ తీసుకొన్నవానికి, పని మానే నాటికి మధుమేహానికీ రక్తపోటుకూ కూడా రక్షణ సిద్ధమై ఉంటుంది. పని మానిన తరువాత తీసుకొన్నవాడు ఆ మూడేళ్ళు బిక్కుబిక్కుమంటూ గడపాలి. రసాయన సేవనాన్ని గూర్చి వాగ్భటుడు చెప్పిన నియమం కూడా ఇటువంటిదే. దానిని యౌవనంలోనో నడివయస్సులోనో ఆరంభించాలి గాని, ముదిమి పైబడిన తరువాత కాదు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జి.ఎస్.టి. రద్దయినందువలన భారం కొంత తగ్గింది.

పాలసీ తీసుకొనేటప్పుడు ఉన్న జబ్బును దాచమని సలహా చెప్పే ఏజెంట్లు ఉన్నారు. వారి మాట వినవద్దు. రోగి తన బాధను ఉన్నదున్నట్లు చెప్పాలన్న నియమం వైద్యుని ముందే కాదు, ఈ కాగితం ముందు కూడా వర్తిస్తుంది. దాచిన మధుమేహం ఆసుపత్రి రక్తపరీక్షలో ఒక్క గంటలో బయటపడుతుంది, పాలసీ అక్కరకు రాకుండా పోతుంది.

పుట్టిన తేది అనే జబ్బు

డెబ్బై ఏళ్ళ కార్డుకు ప్రమాణం ఆధార్‌లోని వయస్సు. ఆదాయ ధ్రువపత్రం అక్కరలేదు, రేషను కార్డు అక్కరలేదు, ఉన్న వ్యాధులకు వేచి ఉండడం లేదు, మొదటి రోజు నుండే చికిత్స పొందవచ్చు. ఆధార్‌లో వయస్సు సరిగా ఉంటే చాలు. మన ప్రాంతంలో చిక్కంతా అక్కడే వస్తున్నది. ఆధార్ తీసిన రోజులలో పుట్టిన తేది తెలియని పెద్దలకు ఉజ్జాయింపుగా ఒక సంవత్సరం వేసి జనవరి 1 అని వ్రాసినవి ఎన్నో ఉన్నాయి. తుఫాను వచ్చిన ఏడాది పుట్టాను, మా అన్న పెళ్ళి నాటికి పాకుతున్నాను అనే లెక్కలు కంప్యూటరుకు ఎక్కవు. నిజానికి డెబ్బై రెండేళ్ళ వృద్ధురాలు కాగితం మీద అరవై ఆరేళ్ళదైతే, ఆమె ఇంకా నాలుగేళ్ళు వేచి ఉండవలసిందే.

పుట్టిన తేదిని ఆధార్‌లో మార్చుకొనే అవకాశం సాధారణంగా ఒక్కసారే ఇస్తారు. కనుక తొందరపడి చేతికి దొరికిన కాగితంతో మార్చడం మంచిది కాదు. పదవ తరగతి ధ్రువపత్రం ఉన్నవారికి అదే శ్రేష్ఠం. పేరు విషయం కూడా చూడండి. సేవా పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో చివర ఉంటుంది. స్త్రీలకైతే కొన్నిచోట్ల పుట్టింటి పేరు, కొన్నిచోట్ల మెట్టినింటి పేరు. అప్పలనరసమ్మ ఒకచోట నరసమ్మ, మరొకచోట అప్పలమ్మ. ఇవన్నీ ఒకే మనిషని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. ఉద్యోగంలో ఉండగా గుమాస్తాతో ఒక పూటలో సరిచేయించుకోగల దానిని, విరమణ తరువాత నాలుగు కార్యాలయాలు తిరిగి చేయించుకోవలసి వస్తుంది. వేలిముద్రలు కూడా వయస్సుతో అరిగిపోతాయి. పొలం పని చేసినవారికి మరీ ఎక్కువ. వీలైనంత ముందుగా ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప, ఫోను నెంబరు నవీకరించుకోవడం మంచిది.

వయ వందన కార్డు ఉన్న దంపతులిద్దరూ డెబ్బై దాటితే 5 లక్షలను ఇద్దరూ పంచుకోవాలి. ఆ కుటుంబానికి అంతకుముందే ఆయుష్మాన్ భారత్ రక్షణ ఉన్నట్లయితే, ఈ 5 లక్షలు పెద్దలకు అదనం, తక్కిన కుటుంబసభ్యులతో పంచుకోనక్కరలేదు. కేంద్ర ఆరోగ్య పథకం, మాజీ సైనికుల పథకం ఉన్నవారు రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. ఇప్పటికే మంచి రక్షణ ఉన్నవారు క్రొత్తదని మోజుపడి మారవద్దని నా సలహా. పాత పథకంలో నెలనెలా వచ్చే మందులు క్రొత్తదానిలో రావు. ఈ కార్డు పథకంలో చేరిన రాష్ట్రాలన్నిటిలోనూ చెల్లుతుంది. ఒడిశా కూడా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరినందువలన, బరంపురంలో బంధువుల వద్ద ఉండే మన సరిహద్దు గ్రామాలవారికి ఇది ఉపకరిస్తుంది. వివరాలకు 14555 నెంబరు ఉంది.

ఋతుసంధి న్యాయం

ఒక ఋతువు ముగిసి మరొకటి ఆరంభమయ్యేటప్పుడు, వెళ్ళే ఋతువులో చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువులో మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అంటారు. ఆ పక్షం రోజులలో పాత అలవాట్లను క్రమంగా విడుస్తూ క్రొత్తవాటిని క్రమంగా చేపట్టాలి. ఒక్కసారిగా మార్చితే వ్యాధులు వస్తాయి. పదవీ విరమణ ఇటువంటి సంధియే. ముప్పై ఐదేళ్ళు వేళకు లేచి, వేళకు తిని, బస్సు పట్టుకొని పోయిన దేహానికి మరునాటి నుండి ఏ వేళా ఉండదు. మలబద్ధం, నిద్రలేమి, ఊరకే ఆందోళన, ఇవి ఆ మొదటి ఆరు నెలలలో వచ్చే వాత వికారాలు. చివరి ఏడాది నుండే సాయంత్రం నడక, వారానికి రెండు మార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగనం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం అలవరచుకోవాలి. ఉదయం ఇడ్లీ దోసెలకు బదులు మన చోడి అంబలి పలుచగా కాచి త్రాగడం ఈ వయస్సుకు హితం, దానిలోని మజ్జిగ పుల్లనిది కాకుండా చూసుకోవాలి. మలబద్ధం ఉన్నవారు రాత్రి పడుకొనే ముందు అర చెంచా త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకోవచ్చు. రక్తపోటుకూ మధుమేహానికీ వాడుతున్న మాత్రలను మాత్రం వీటిని నమ్ముకొని ఆపకూడదు.

ఇదే ఏడాదిలో చేయవలసిన మరొక పని పరీక్షలు. రక్తపోటు, రక్తంలో చక్కెర, కళ్ళు, పళ్ళు చూపించుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలవారు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఉద్దానం మూత్రపిండ వ్యాధి చాలకాలం ఏ బాధా తెలియనివ్వకుండా ముదురుతుంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రీ, మూత్రపిండ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. ఆ వైపు వారికి మరొక మాట: ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొన్న మాత్రలను గాని, ఎవరో ఇచ్చిన భస్మాలను గాని వైద్యుని అనుమతి లేకుండా వాడవద్దు. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నాను.

కంటి పొర, వరిబీజం, హెర్నియా వంటివి ఉంటే, జీతమూ సెలవూ ఉన్నప్పుడే చేయించుకోవడం నయం. అలాగని ఉచితం గదా అని అవసరం లేని శస్త్రచికిత్సకు పరుగెత్తకూడదు. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి సంవత్సరాలలో అక్కరలేకున్నా స్త్రీలకు గర్భాశయం తొలగిస్తున్నారన్న విమర్శలు చెలరేగి, కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. మోకాలి మార్పిడి విషయంలో నేడు అటువంటి తొందరే కనిపిస్తున్నది. మూడు నెలలు బరువు తగ్గి, తైలధార, స్వేదం చేయించుకొని, అప్పటికీ నడవలేకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

కార్డు ఇవ్వనివి

ఆసుపత్రిలో చేరితే పథకం ఉంది. చేరని రోజుల సంగతి? వృద్ధుల ఖర్చులో పెద్ద భాగం నెలనెలా వాడే మాత్రలు, పరీక్షలు, ప్రయాణాలు. ఆయుష్మాన్ భారత్‌లో ఆసుపత్రిలో చేరడానికి 3 రోజుల ముందు, విడుదలైన తరువాత 15 రోజుల ఖర్చు మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఉద్యోగుల పథకంలో కొన్ని దీర్ఘవ్యాధులకు బయటి రోగులుగా చూపించుకొనే సౌకర్యం ఉంది, అది కూడా నిర్ణయించిన ఆసుపత్రులలో. తక్కినవారు రక్తపోటు, చక్కెర మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానో, జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకో తీసుకోవచ్చు. ఆయుర్వేద చికిత్స కోరేవారు ఒక విషయం గమనించాలి. 2024 ఏప్రిల్ నుండి ప్రైవేటు బీమా సంస్థలు ఆయుర్వేదాన్ని తక్కిన వైద్యాలతో సమానంగా చూడాలని నియంత్రణ సంస్థ ఆదేశించింది. అయినా అది గుర్తింపు గల ఆయుర్వేద ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకే. నా వంటివాని వద్ద కొనే తైలానికీ లేహ్యానికీ ఎవరూ డబ్బు ఇవ్వరు, ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పరిచారకుడు అనే పాదం ఏ పథకంలోనూ లేదు. నరసన్నపేట నుండి విశాఖపట్నం సుమారు 130 కిలోమీటర్లు. పది రోజులు ఆసుపత్రిలో ఉంటే ప్రక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి తిండి, బస, రానుపోను ఖర్చులు కావాలి. పిల్లలు హైదరాబాదులోనూ చెన్నైలోనూ ఉన్న ఇళ్ళలో ఈ ప్రశ్న డబ్బు కంటె పెద్దది. ఎవరు వస్తారు, ఎవరికి ముందు ఫోను చేయాలి అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే పిల్లలతో కూర్చొని మాట్లాడుకోవాలి. గ్రాట్యుటీ సొమ్మంతా ఇంటికో పెళ్ళికో పెట్టివేయక, రెండు మూడు నెలల పింఛనుకు సమానమైన మొత్తం విడిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకొనేలా ఉంచాలి.

చివరిగా ఇల్లాలి సంగతి. మన కుటుంబాలలో కాగితాలన్నీ భర్త పెట్టెలో ఉంటాయి, తాళం ఆయన జంధ్యానికో మొలత్రాటికో ఉంటుంది. ఆయన పోయిన తరువాత ఆమె కుటుంబ పింఛనుదారుగా మారాలి, ఆరోగ్య కార్డు కూడా ఆమె పేర మరల నమోదు కావాలి. పింఛను ఉత్తర్వులో ఆమె పేరూ పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి, ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉండాలి, ఆమె ఆధార్‌కు ఆమె ఫోను నెంబరే ఉండాలి. ఏటేటా సమర్పించే జీవన ప్రమాణ పత్రం ఏమిటో ఆమెకు తెలిసి ఉండాలి, ఎందుకంటే అది ఇవ్వక పింఛను ఆగితే, అందులోంచి పోయే ఆరోగ్య చందా కూడా ఆగుతుంది. పింఛను ఉత్తర్వు, ఇద్దరి ఆధార్ కార్డులు, ఆరోగ్య కార్డులు, వాడుతున్న మందుల చీటీ, పాత పరీక్షల ఫలితాలు అన్నీ ఒక గుడ్డసంచిలో వేసి, తలుపు వెనుక కొక్కేనికి తగిలించండి. ఖజానా కార్యాలయానికి వెళ్ళే రోజున ఆమెను కూడా వెంట తీసుకొని వెళ్ళి, ఏ బల్ల వద్ద ఏ పని జరుగుతుందో చూపించి రండి.